నాలుక బరువు

ధాన్యం లారీలు రాని జూలైలో
నా కాటా ఊరికే ఎండలో పడుంటుంది.
పాతిక మీటర్ల ఇనప పలక,
పక్కన గది, గదిలో ఒక ఫ్యాను, నేను.
అప్పుడొచ్చారు డార్సీ హ్రిట్సాక్ కుటుంబం
ఎవరిదో ట్రక్కు అరువడిగి
దాని వెనక ట్రైలర్ తగిలించుకుని.

ముందు ఇల్లు కొన్నారు,
లాగే బండి ఇప్పుడు వెతుక్కుంటున్నారు.
ఆలూ లేదు చూలూ లేదు గానీ
పిల్లలు ట్రైలర్‌కి పేరు పెట్టేశారు: పెరోగీ.
ఉడకబెట్టిన కజ్జికాయలా ఉంటుంది కదా, అందుకు.

తలుపు లోపలి కాగితం మీద రెండువేల నూటయాభై కిలోలు.
నా కాటా మీద రెండువేల ఎనిమిదివందల నలభై.
"మీ కాటా తప్పు," అన్నాడు డార్సీ.
ఇరవై రెండేళ్ళుగా ఈ కిండర్స్లీలో
ప్రతి రైతూ ముందు అదే మాట.
తొంగిచూస్తే నీళ్ళ టాంకు నిండుగా ఉంది,
రెండు గ్యాసు బండలు, పెనాలు, సైకిళ్ళు,
మంచం కింద వాళ్ళమ్మ ఓలెనా దాచిన
నలభై సీసాల దోసకాయ ఊరగాయ.

మళ్ళీ శనివారం ఒక ఎర్ర బండి తెచ్చారు.
నిగనిగలాడుతోంది.
మూడువేల నాలుగొందలు లాగుతుందని
అమ్మేవాడు ఒట్టేశాడట.
మార్లిస్ మాత్రం డ్రైవరు తలుపు తెరిచి
గొంతుకూర్చుని, ఎద్దు పళ్ళు చూసినట్టు,
పసుప్పచ్చ చీటీ చదివింది:
మనుషులూ సామానూ కలిపి ఐదొందల అరవై.
నేను లెక్క కట్టాను.
పెద్దలు ముగ్గురు, పిల్లలిద్దరు, గొర్రెంత కుక్క,
ఆ పైన కొక్కెం మీద కూర్చునే ట్రైలర్ మూతి,
దాన్నే మేం నాలుక బరువంటాం,
అదొక్కటే మూడొందల నలభై.
లాగే సత్తువ మిగిలే ఉంది,
మోసే సత్తువ ముందే అయిపోయింది.
మనుషుల్లోనూ చూశాను ఈ రకాన్ని.

(ఓలెనాని పలక మీద ఒంటరిగా నిలబెట్టారు.
పది కిలోల కంటే సన్నంగా చెప్పలేదు నా కాటా,
ఎనభై అంది.
"అందులో ఇరవై బూట్లవి," అందామె.)

ఆ తర్వాత వచ్చిన ట్రక్కు అన్నీ మోస్తుంది.
ఓలెనా మోకాలు దాని మెట్టుకి ఒప్పుకోలేదు.
"నన్ను ట్రైలర్‌లో పడుకోబెట్టండి, ఊరగాయతో పాటు."
చట్టం ఒప్పుకోదు, అన్నాను.

మూడో శనివారం,
హాకీ జట్టు వదిలించుకున్న పన్నెండు సీట్ల వ్యాను.
పక్క మీద సగం గోకేసిన తోడేలు బొమ్మ,
లోపల పదేళ్ళ చెమట.
కావలసినంత మోస్తుంది, లాగుతుంది,
మెట్టు జానెడు.
డార్సీ దాని వంక చూడలేదు.
మార్లిస్ ఎర్ర బండి మాట ఎత్తలేదు.
ఇద్దరూ నా గదిలో ఫ్యాను కింద
చీటీ కోసం నిలబడ్డారు, నోరు మెదపకుండా.

అడక్కుండానే చెప్పాను నాకు తెలిసింది.
ట్రైలర్ బరువులో పదో వంతుకి పైనే
నాలుక మీద పడాలి.
తక్కువైతే గాలికి తోక ఊపుతుంది,
దారి తప్పిస్తుంది.
మరీ ఎక్కువైతే ముందు చక్రాలు తేలిపోయి
తిప్పిన వైపు తిరగదు బండి.
ఈ లెక్క నాకు అర్థమయ్యేసరికి
మా ఆయన రెజీనా చేరుకున్నాడు.
అది మాత్రం వాళ్ళకి చెప్పలేదు.

బయటికెళ్ళి చాలాసేపు అరుచుకున్నారు.
అద్దంలోంచి మాటలు వినపడలేదు,
చేతులు కనపడ్డాయి.
తర్వాత డార్సీ వ్యానెక్కి
అన్ని సీట్లలోనూ ఒక్కోసారి కూర్చుని చూశాడు.

టాంకు ఖాళీ చేశారు.
నీళ్ళు నా పలక మీదుగా పారి
ఆవాల చేనులోకి పోయాయి.
ముప్ఫై సీసాలు నా బల్ల మీద దిగాయి.
ఓలెనా వాటిని లెక్కపెట్టి మరీ ఇచ్చింది,
తిరిగొచ్చాక మళ్ళీ లెక్కపెడతానంది.

ఇవాళ్టికి ఇరవై ఏడున్నాయి.